సకారణమైన భయాన్ని రుజువు చేయడం: అమెరికా అసైలం గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికాలో ఆశ్రయం కోరే తెలుగువారి కాగితాలను ఇంగ్లీషులోకి తర్జుమా చేసే పనిలో కొన్నేళ్లుగా ఉన్నాను. లాయరు గుమ్మం ఎక్కకముందే వాళ్లు అడిగే ప్రశ్నలు చాలావరకు ఒకేలా ఉంటాయి. చట్టం చెప్పేదాన్ని బట్టి, ఫైళ్లలో కనబడినదాన్ని బట్టి వాటికి ఇక్కడ జవాబులు రాశాను. ఇవి లాయరు ఇచ్చే సలహాకు బదులు కావు గాని, లాయరును కలిసేముందు ఏమేమి గుర్తు చేసుకోవాలో, ఏమేమి వెతికి పెట్టుకోవాలో తెలుసుకోవడానికి పనికొస్తాయి.

“సకారణమైన భయం” అనే మాట ఎక్కడి నుంచి వచ్చింది?

శరణార్థుల హోదా గురించి 1951లో జెనీవాలో కుదిరిన ఒప్పందం నుంచి వచ్చింది. జాతి, మతం, జాతీయత, ఒక ప్రత్యేక సామాజిక వర్గానికి చెంది ఉండడం, రాజకీయాభిప్రాయం అనే ఐదింటిలో ఏదో ఒక కారణంగా పీడనకు గురవుతానన్న సకారణమైన భయంతో స్వదేశం వెలుపల ఉండి, ఆ దేశపు రక్షణ పొందలేని లేదా ఆ భయం వల్ల పొందడానికి ఇష్టపడని వ్యక్తిని ఆ ఒప్పందం శరణార్థి అంటుంది. 1951కి ముందరి ఘటనలకే వర్తించాలన్న పరిమితిని 1967 ప్రోటోకాల్ తొలగించింది. అమెరికా 1968లో ఆ ప్రోటోకాల్‌లో చేరి, 1980 నాటి శరణార్థుల చట్టంతో దాదాపు అదే నిర్వచనాన్ని తన వలస చట్టంలోకి తెచ్చుకుంది.

ఆ మాటలో రెండు భాగాలున్నాయి. భయం మీ మనసులో నిజంగా ఉండాలి. ఆ భయానికి బయటివాళ్లు కూడా ఒప్పుకోదగిన కారణం ఉండాలి. మొదటిది ఎక్కువగా మీ మాటల మీద, రెండోది మీ మాటలతోపాటు బయటి ఆధారాల మీద నిలబడుతుంది.

ప్రమాదం కచ్చితంగా జరుగుతుందని నిరూపించాలా? ఎంత శాతం ఉంటే చాలు?

కచ్చితంగా జరుగుతుందని చూపనక్కర్లేదు. జరగకపోవడం కన్నా జరగడానికే ఎక్కువ అవకాశం ఉందని కూడా చూపనక్కర్లేదు. ఈ సంగతిని అమెరికా సుప్రీంకోర్టు 1987లో కార్డోజా ఫోన్సెకా కేసులో తేల్చింది. నికరాగువాకు చెందిన ఆ మహిళ 1979లో విజిటరుగా వచ్చి గడువు దాటి ఉండిపోయింది. ఆమె స్వయంగా రాజకీయాల్లో తిరిగిన మనిషి కాదు. అయితే ఆమె అన్నదమ్ముల్లో ఒకరిని, అతని రాజకీయ కార్యకలాపాల కారణంగా, అప్పట్లో నికరాగువాను ఏలుతున్న సాండినిస్టాలు జైల్లో పెట్టి చిత్రహింసలకు గురిచేశారు. ఇద్దరూ కలిసే దేశం వదిలారన్న విషయం వాళ్లకు తెలుసు గనుక, తిరిగి వెళితే అతని ఆచూకీ కోసం తనను కూడా పట్టుకుంటారన్నది ఆమె భయం.

అప్పటిదాకా ఇమ్మిగ్రేషన్ జడ్జీలు అడుగుతూ వచ్చిన “యాభై శాతానికి పైగా అవకాశం” అన్న కొలత అసైలానికి వర్తించదని కోర్టు చెప్పింది. పదిమందిలో ఒకరిని చంపేసే లేదా దూరపు కూలి శిబిరానికి పంపేసే దేశం నుంచి తప్పించుకొచ్చిన మనిషి భయం సకారణమైనదే కదా అని ఒక న్యాయ పండితుడు రాసిన ఉదాహరణను అది ప్రస్తావించింది. అందుకే పది శాతం అన్న మాట లాయర్ల నోట తరచుగా వినబడుతుంది. దాన్ని లెక్కల కొలతగా పట్టుకోకండి. ఏ అధికారీ కాలిక్యులేటరు ముందు పెట్టుకుని కూర్చోడు. మీ స్థానంలో ఉన్న మామూలు మనిషి భయపడతాడా అన్నదే ప్రశ్న.

భయం మనసులోది. దాన్ని ఎదుటివారు ఎలా తూకం వేస్తారు?

అదే 1987లో, మోఘర్రబీ అనే ఇరాన్ పౌరుడి కేసులో, ఇమ్మిగ్రేషన్ అప్పీళ్ల బోర్డు నాలుగు విషయాలు చూడాలని చెప్పింది. పీడించేవాడు శిక్షించి అణచాలనుకునే నమ్మకం గాని లక్షణం గాని మీలో ఉందా. అది మీలో ఉందని అతనికి తెలుసా, లేదా తెలిసే వీలుందా. మిమ్మల్ని శిక్షించే శక్తి అతనికి ఉందా. శిక్షించాలన్న ఉద్దేశం ఉందా. లాయరు ఆఫీసులో ఎంత పెద్ద ఫైలు తయారైనా చివరికి ఈ నాలుగింటికీ జవాబు చెప్పడానికే తయారవుతుంది. మనవాళ్ల ఫైళ్లలో మొదటిదీ మూడోదీ బాగానే ఉంటాయి. రెండోదాన్ని చాలామంది మరిచిపోతారు. మీరు మతం మారారనో, ఫలానా పోస్టు పెట్టారనో ఊళ్లో ఎవరికీ తెలియకపోతే, ఇకమీదట ఎలా తెలుస్తుందో చెప్పాలి. నాలుగోదాని దగ్గర ఎక్కువ కేసులు కూలిపోతాయి. దాని గురించే తర్వాతి ప్రశ్న.

నన్ను చంపుతామన్నది నిజం. ఐదు కారణాల్లో ఒకటి చూపడం అంత అవసరమా?

అవసరం. నా చేతుల్లోంచి వెళ్లిన కాగితాల్లో ఎక్కువ బలహీనంగా కనబడింది ఇదే. దెబ్బ నిజం, బెదిరింపు నిజం, ఆస్పత్రి కాగితం నిజం, కాని “ఎందుకు?” అన్నదానికి జవాబు ఎక్కడా ఉండదు. సుప్రీంకోర్టు 1992లో ఎలియాస్ జకారియాస్ కేసులో, గ్వాటెమాలా గెరిల్లాలు తమలో చేరమని ఒక యువకుణ్ని ముసుగులతో ఇంటికొచ్చి ఒత్తిడి చేసిన సందర్భంలో, ఆ ఒత్తిడి అతని రాజకీయాభిప్రాయం వల్లే వచ్చిందని చూపించే ఆధారం, ప్రత్యక్షంగానో పరోక్షంగానో, ఉండాలని చెప్పింది. ఆ ఆధారం లేక అతను ఓడిపోయాడు. 2005 నాటి రియల్ ఐడీ చట్టం దీన్ని ఇంకా బిగించి, ఆ ఐదింటిలో ఒకటి కనీసం ఒక ప్రధాన కారణమై ఉండాలంది. అదొక్కటే కారణం కానక్కర్లేదు, కాని ఏదో చిన్నపాటి కారణమైతే చాలదు.

మన వైపు ఈ చిక్కు ఎలా వస్తుందో చూడండి. ఇసుక తవ్వకాల మీద ఫిర్యాదు చేసిన మనిషిని కొట్టారనుకుందాం. కొట్టినవాళ్లకు డబ్బు నష్టం వచ్చింది, అతనితో పాత పొలం తగాదా కూడా ఉంది, అతను ప్రతిపక్ష పార్టీ మనిషి కూడా. మూడూ కలిసే ఉంటాయి. మర్నాడు జిల్లా పేజీలో “పాత కక్షల నేపథ్యంలో దాడి” అని మూడు వాక్యాల వార్త వస్తుంది. మన విలేకరులకు అది అలవాటుగా వచ్చే మాట. అమెరికా ప్రభుత్వ లాయరు చేతిలో మాత్రం అదే మాట “ఇది వ్యక్తిగత తగాదా, రాజకీయం కాదు” అనడానికి ఆధారం అవుతుంది. ఎఫ్‌ఐఆర్‌లో రైటరు రాసుకునే వాక్యంతో కూడా ఇదే ఇబ్బంది. అలాంటి కాగితం మీ దగ్గర ఉంటే దాచకండి, కాని ఆ మాట ఎందుకు పడిందో, అసలు కారణం ఏమిటో మీ డిక్లరేషన్‌లో, అంటే దరఖాస్తుతో ఇచ్చే మీ రాతపూర్వక వాంగ్మూలంలో, మీరే ముందుగా చెప్పండి.

“ప్రత్యేక సామాజిక వర్గం” అంటే కులమా?

కులం అందులోకి రావచ్చు, కాని ఆ మాట కులం కన్నా విశాలమైనది, దానికి హద్దులూ ఉన్నాయి. 1985లో అకోస్టా కేసులో ఎల్ సాల్వడార్‌కు చెందిన ఒక టాక్సీ డ్రైవరు, తమ సహకార సంఘం డ్రైవర్లను గెరిల్లాలు చంపుతున్నారని చెప్పాడు. ఉద్యోగం మార్చుకోగలిగినది గనుక అది చాలదని బోర్డు తేల్చి, సామాజిక వర్గం అంటే మనిషి మార్చుకోలేని, లేదా మార్చుకొమ్మని అడగకూడని లక్షణం పంచుకునేవారని నిర్వచించింది. 2014లో వచ్చిన తీర్పులు మరో రెండు షరతులు పెట్టాయి: ఆ వర్గానికి స్పష్టమైన హద్దులుండాలి, ఆ సమాజం దాన్ని వేరుగా గుర్తించాలి. 1996లో కసింగా కేసులో జననాంగ విచ్ఛేదనను ఎదిరించిన టోగో యువతికీ, 1990 నాటి టొబోసో అల్ఫోన్సో కేసులో క్యూబాకు చెందిన స్వలింగ సంపర్కుడికీ ఈ దారిలోనే రక్షణ దొరికింది.

కులాంతర వివాహం చేసుకుని పరువు హత్యకు భయపడేవారు, ఇంట్లో తెలిస్తే ప్రాణం తీస్తారని భయపడే స్వలింగ సంపర్కులు, ట్రాన్స్‌జెండర్ వ్యక్తులు ఈ దారిలోనే రావాలి. గృహహింస కేసుల విషయంలో మాత్రం 2014 నుంచి ప్రభుత్వం మారినప్పుడల్లా వైఖరి అటూ ఇటూ మారుతూ వచ్చింది గనుక, పాత తీర్పు చూసి ధైర్యం తెచ్చుకోకుండా ఇవాళ ఉన్న స్థితిని లాయరును అడగాలి.

ఇంతకు ముందు నామీద దాడి జరిగింది. అది కేసుకు బలమా?

చాలా బలం. గతంలో, ఆ ఐదింటిలో ఒక కారణంగా, పీడన జరిగిందని రుజువైతే భవిష్యత్తు గురించి మీ భయం సకారణమైనదని నిబంధనలే అనుకుంటాయి. అప్పుడు భారం ప్రభుత్వం మీదికి పోతుంది: పరిస్థితులు మౌలికంగా మారాయనో, దేశంలో మరోచోట మీరు సురక్షితంగా ఉండగలరనో అదే చూపాలి. అనుభవించిన హింస మరీ ఘోరమైనదైతే, భవిష్యత్తు భయం తొలగిపోయినా మానవతా దృష్టితో ఆశ్రయం ఇచ్చే వెసులుబాటు కూడా ఉంది.

అయితే ప్రతి అవమానమూ పీడన కాదు. చట్టంలో ఆ మాటకు నిర్వచనం లేదు. వేధింపు, వివక్ష దాన్ని అందుకోవని కోర్టులు అంటాయి, కాని చిన్న చిన్న ఘటనలన్నీ కలిపి చూస్తే అందుకోవచ్చు. ఒకసారి చెంపదెబ్బ, మరోసారి తలుపు మీద రాళ్లు, ఆపైన రేషన్ ఆపేయడం, పొలానికి నీళ్లు రాకుండా చేయడం అనేవాటిని విడివిడిగా చెబితే విడివిడిగానే కొట్టివేస్తారు. వరసగా, ఒకదాని తర్వాత ఒకటి ఎలా ముదిరిందో చెప్పాలి.

గతంలో ఏమీ జరగకపోయినా కేసు వేయవచ్చు. మీలాంటివారందరినీ గుంపుగా వెంటాడే పద్ధతి అక్కడ ఉందని, మీరు ఆ గుంపులోనివారని చూపితే మిమ్మల్ని విడిగా ఎంచుకుంటారని చూపనక్కర్లేదు.

బెదిరించింది ప్రభుత్వం కాదు, మా సొంత బంధువులే. అప్పుడు?

పీడించేది ప్రైవేటు మనుషులైతే, ప్రభుత్వం వాళ్లను ఆపలేకపోయిందని గాని ఆపడానికి ఇష్టపడలేదని గాని చూపాలి. పోలీసుల దగ్గరికి వెళ్లారా అన్నది మొదటి ప్రశ్న. వెళ్లి ఉంటే ఏమైంది? స్టేషన్లో రాజీ చేసి పంపారా, ఫిర్యాదు తీసుకోలేదా, తీసుకుని అవతలివాళ్లకు ఫోను చేశారా? వెళ్లకపోతే ఎందుకు వెళ్లలేదు? వెళ్లకపోవడమే కేసును చంపేయదు. 2000లో, తండ్రి చేతిలో హింస పడిన మొరాకో యువతి కేసులో, ఫిర్యాదు చేయడం వృథా అనీ, చేస్తే ప్రమాదం ఇంకా పెరిగేదనీ బోర్డు ఒప్పుకుంది. కాని “పోలీసులు వాళ్ల మనుషులే” అన్న ఒక్క వాక్యంతో సరిపెట్టకండి. ఎవరి మనిషో, మీకెలా తెలుసో చెప్పండి.

పరువు హత్యల విషయంలో ప్రభుత్వ లాయరు భారత సుప్రీంకోర్టు 2018లో శక్తివాహిని కేసులో ఇచ్చిన ఆదేశాలను చూపించగలడు. జంటలకు సురక్షిత గృహాలు, జిల్లాల్లో ప్రత్యేక విభాగాలు ఉండాలని ఆ తీర్పు చెప్పింది. కాగితం మీద ఉన్న ఆ రక్షణ మీ జిల్లాలో, మీ స్టేషన్లో ఎంతవరకు పనిచేసిందో చూపడం అప్పుడు మీ వంతు.

“ఇండియా అంత పెద్ద దేశం, వేరే ఊరికి వెళ్లొచ్చుగా” అంటే ఏమనాలి?

భారతీయుల కేసుల్లో ఈ ప్రశ్న రాకుండా పోదు. పీడించేది ప్రభుత్వమైతే దేశంలో ఎక్కడికెళ్లినా ప్రమాదమే అన్న ఊహ సాధారణంగా మీకు అనుకూలంగా ఉంటుంది. ప్రైవేటు మనుషులైతే, గత పీడన రుజువు కానప్పుడు, మరోచోట బతకడం ఎందుకు సాధ్యం కాదో, లేదా అలా బతకమనడం ఎందుకు సమంజసం కాదో మీరే చెప్పాలి.

జవాబులో రెండు వేరు ముక్కలుంటాయి. ఒకటి, వాళ్లు మిమ్మల్ని అక్కడ పట్టుకోగలరా: వాళ్ల చేతికి ఎంత పొడవు, ఇంతకు ముందు మీరు ఊరు మారినప్పుడు ఏం జరిగింది, అద్దె ఇంటికి ఆధార్ ఇచ్చి పోలీసు వెరిఫికేషన్ చేయించినప్పుడు సమాచారం ఎవరి చేతుల్లోకి పోగలదు. రెండు, అక్కడ బతకడం సమంజసమేనా: భాష, పని, పిల్లల చదువు, ఆరోగ్యం, ఒంటరి మహిళకు ఇల్లు దొరకడం. 2019లో తొమ్మిదో సర్క్యూట్ అనే ఫెడరల్ అప్పీళ్ల కోర్టు, పంజాబ్‌కు చెందిన ఒక సిక్కు పార్టీ కార్యకర్త కేసులో, అతను కొత్త చోట కూడా రాజకీయాలు కొనసాగిస్తాడన్న సంగతిని లెక్కలోకి తీసుకుని విడిగా విచారించాలని కేసును వెనక్కి పంపింది. నోరు మూసుకుని ఉంటే బతకొచ్చు అన్నది జవాబు కాదన్నమాట.

హైదరాబాద్‌లో రెండేళ్లు ఏ ఇబ్బందీ లేకుండా ఉద్యోగం చేసి వచ్చినవారు ఆ రెండేళ్లను దాటవేయకూడదు. దాక్కుని ఉన్నారా, పేరు మార్చుకున్నారా, ఇంటికి వెళ్లడం మానేశారా, చెప్పాలి.

కాగితాలేమీ లేవు. నా మాట ఒక్కటే సరిపోతుందా?

నమ్మదగినదీ, ఒప్పించేదీ, నిర్దిష్టమైనదీ అయితే మీ సాక్ష్యం ఒక్కటే సరిపోవచ్చని చట్టమే చెబుతోంది. కాని అదే చట్టం, అధికారి బలపరిచే ఆధారం అడిగినప్పుడు, అది మీ దగ్గర లేదనీ, సమంజసమైన ప్రయత్నంతో తెప్పించుకోలేరనీ చూపితే తప్ప ఇవ్వాల్సిందే అంటుంది. ఇండియాలో అమ్మానాన్నలు ఉండి, రోజూ వాట్సాప్‌లో మాట్లాడుతూ, ఆస్పత్రి డిశ్చార్జి సమ్మరీ తెప్పించలేదంటే ఒప్పుకోరు.

ఏమేమి పనికొస్తాయంటే: ఎఫ్‌ఐఆర్, గాయాల సర్టిఫికెట్, పార్టీ సభ్యత్వ కార్డు, చర్చి లేదా సంఘం ఇచ్చిన లేఖ, తేదీ కనబడే వాట్సాప్ స్క్రీన్‌షాట్లు, పత్రికల కటింగులు, కళ్లారా చూసినవారి అఫిడవిట్లు, మానసిక వైద్యుల నివేదిక. సాక్షుల అఫిడవిట్లన్నీ ఒకే వాక్యాలతో, ఒకే టైపిస్టు భాషలో ఉంటే మేలుకన్నా కీడే ఎక్కువ. ఊరి నుంచి వచ్చిన నాలుగు అఫిడవిట్లలో నాలుగింటా ఒకే అచ్చుతప్పు కనబడిన ఫైలు ఒకటి నా దగ్గరికి వచ్చింది; తర్జుమా చేసేవాడికే అనుమానం వచ్చిందంటే అధికారికి రాదా? మీ అమ్మ చూసింది మీ అమ్మ మాటల్లోనే ఉండాలి. తెలుగు కాగితం ప్రతిదానికీ పూర్తి ఇంగ్లీషు అనువాదం, తర్జుమా సరైనదని అనువాదకుడి ధ్రువీకరణ జతచేయాలి.

డిక్లరేషన్ ఎలా రాయాలి?

అసైలం దరఖాస్తు అయిన ఐ-589 ఫారంలోని గళ్లు చాలవు గనుక, మీ కథ మొత్తం విడిగా డిక్లరేషన్‌గా రాస్తారు. ఎక్కువమంది ఇలా మొదలుపెడతారు: “అధికార పార్టీవాళ్లు నన్ను అనేకసార్లు బెదిరించారు, నా ప్రాణానికి ముప్పు ఉంది.” ఇందులో ఎవరు, ఎప్పుడు, ఎక్కడ, ఎందుకు అన్నవేవీ లేవు. అదే మనిషిని కూర్చోబెట్టి అడిగితే వచ్చే మాట ఇలా ఉంటుంది: “2019 నవంబరు మొదటి వారంలో, రాత్రి తొమ్మిది దాటాక, పాలకేంద్రం దగ్గర నా బండికి అడ్డంగా ముగ్గురు నిలబడ్డారు. ఇద్దరి మొహాలు తెలుసు. ఒకడు సర్పంచి దగ్గర ట్రాక్టరు తోలుతాడు. ‘పేపరోడికి ఫొటోలిచ్చింది నువ్వే కదరా’ అంటూ మోకాలి మీద కర్రతో కొట్టాడు.” ఆ చివరి మాటలోనే కారణం ఉంది. అది లేకపోతే అదొక దారి దోపిడీ ప్రయత్నం కూడా కావచ్చు.

అందుకే తిట్టును తిట్టుగానే రాయమంటాను. మర్యాదస్తులు, ముఖ్యంగా పెద్దవాళ్లు, కులం పేరుతో తిట్టిన తిట్టునూ, ఆడవాళ్లను అన్న బూతునూ “అసభ్యంగా మాట్లాడారు” అని చుట్టేస్తారు. కొట్టేటప్పుడు వాడి నోటి నుంచి వచ్చిన మాటే వాడి ఉద్దేశానికి మొదటి సాక్ష్యం. నోటితో చెప్పడానికి సిగ్గయితే కాగితం మీద రాసివ్వండి. గుర్తులేని తేదీని మాత్రం ఊహించి రాయకండి. “ఆ ఏడాది సంక్రాంతి అయిన వారానికి” అని గుర్తుంటే అలాగే చెప్పండి.

ఇంటర్వ్యూలో తెలుగులో మాట్లాడితే ఏమైనా ఇబ్బందా?

తెలుగులో మాట్లాడడం మీ హక్కు, వచ్చీరాని ఇంగ్లీషు కన్నా అదే క్షేమం. మీరు నేరుగా దరఖాస్తు పెట్టి అసైలం ఆఫీసరు ముందుకు వెళితే దుబాసీని మీరే తీసుకెళ్లాలి; 2023 సెప్టెంబరు నుంచి ఈ నియమం మళ్లీ అమల్లోకి వచ్చింది. పద్దెనిమిదేళ్లు నిండినవారై ఉండాలి, మీ లాయరు గాని సాక్షి గాని కాకూడదు. ఇమ్మిగ్రేషన్ కోర్టులోనైతే దుబాసీని కోర్టే ఏర్పాటు చేస్తుంది.

ఇబ్బంది మన భాషలో ఉన్న సొంపు దగ్గరే వస్తుంది. “అన్నను కొట్టారు” అని మీరంటారు, దుబాసీ దాన్ని తోబుట్టువని చెబుతాడు, ఫారంలో మీకు తోబుట్టువులు లేరని ఉంటుంది. ఆ అన్న పెదనాన్న కొడుకో, వీధి చివర పార్టీ నాయకుడో అని ఆఫీసరుకు ఎలా తెలుస్తుంది? బాబాయి, మామ, అత్త, వదిన అన్నవాటి విషయంలోనూ అంతే. ఎవరి గురించి చెప్పినా మొదటిసారి బంధుత్వాన్ని విడమరచి, పేరుతో చెప్పండి. “మొన్న” అంటే రెండు రోజుల కిందటా, రెండు నెలల కిందటా? “మావాళ్లు” అంటే ఇంట్లోవాళ్లా, కులంవాళ్లా, పార్టీవాళ్లా?

తేదీలు అంతకన్నా ప్రమాదం. మన కాగితంలో 05/04/2019 అంటే ఏప్రిల్ 5; అమెరికాలో అది మే 4. ఎఫ్‌ఐఆర్‌లో ఒకటి, ఫారంలో ఒకటి పడితే నెల తేడా వచ్చేస్తుంది. నెల పేరును అక్షరాల్లో రాయండి. ఇంటిపేరు ఒక కాగితంలో ముందు, మరో కాగితంలో వెనక, పాస్‌పోర్టులో అసలు లేకుండా ఉంటే దాన్ని కూడా మొదట్లోనే వివరించండి. ఇవి చిల్లర విషయాలనిపిస్తాయి. కాని పైన చెప్పిన 2005 నాటి రియల్ ఐడీ చట్టం ప్రకారం, వైరుధ్యం కేసు గుండెకాయకు సంబంధించినది కాకపోయినా నమ్మకాన్ని తీసేయడానికి వాడుకోవచ్చు.

అమెరికా ప్రభుత్వ నివేదికలు, అంతర్జాతీయ సంస్థల నివేదికలు ఎంతవరకు పనికొస్తాయి?

అమెరికా విదేశాంగ శాఖ ఏటా ఇచ్చే మానవ హక్కుల నివేదికలు, బ్రిటన్ హోం ఆఫీసు సమాచార పత్రాలు, హ్యూమన్ రైట్స్ వాచ్, ఆమ్నెస్టీ నివేదికలు మీ భయానికి బయటి ఆధారం ఇస్తాయి. వంద పేజీలు జతచేసినంత మాత్రాన మీ కేసు వందరెట్లు కాదు. మీ రాష్ట్రం, మీ వర్గం, మీకు జరిగినలాంటి ఘటన ఉన్న పేరాలకు గీత గీసి, డిక్లరేషన్‌లోని ఏ పేరాకు అది మద్దతో చెప్పినప్పుడే అవి పనిచేస్తాయి.

వచ్చి ఏడాది దాటిపోయింది. తలుపు మూసుకుపోయినట్టేనా?

1996 నాటి చట్టం ప్రకారం అమెరికాలోకి వచ్చిన ఏడాదిలోగా దరఖాస్తు పెట్టాలి. దీనికి రెండు మినహాయింపులున్నాయి: మీ అర్హతను ప్రభావితం చేసే విధంగా పరిస్థితులు మారడం, ఆలస్యానికి అసాధారణ కారణాలుండడం. 2021 ఫిబ్రవరి 1న మయన్మార్‌లో సైన్యం అధికారం లాక్కున్నప్పుడు, అదే ఏడాది ఆగస్టు 15న కాబూల్ తాలిబాన్ చేతికి చిక్కినప్పుడు అమెరికాలో చదువుకుంటున్న ఆ దేశాల విద్యార్థులు మొదటి రకానికి మంచి ఉదాహరణ. మతం మారడం వంటి వ్యక్తిగత మార్పు కూడా ఇందులోకి రావచ్చు. ఇక మనవాళ్లకు ఎక్కువగా పనికొచ్చేది రెండోది: ఎఫ్-1, హెచ్-1బీ లాంటి చట్టబద్ధమైన హోదాలో కొనసాగడం, తీవ్రమైన మానసిక గాయం అసాధారణ కారణాలుగా లెక్కకు వస్తాయి. అయితే హోదా పోయాక సమంజసమైన వ్యవధిలోనే దరఖాస్తు పెట్టాలి.

మధ్యలో ఒకసారి ఊరికి వెళ్లొచ్చాను. ఇప్పుడేం చేయాలి?

దాచకుండా చెప్పాలి, పాస్‌పోర్టు ముద్రలు ఎలాగూ చెబుతాయి. తల్లి చావుబతుకుల్లో ఉంటే వారం రోజులు వెళ్లి, వేరే ఊళ్లో దిగి, రాత్రిపూట ఆస్పత్రికి వెళ్లి చూసివచ్చిన మనిషికీ, పెళ్లికి వెళ్లి నెలరోజులు తిరిగి ఫేస్‌బుక్‌లో ఫొటోలు పెట్టిన మనిషికీ తేడా ఉంది. దరఖాస్తు పెట్టాక ముందస్తు అనుమతి లేకుండా దేశం దాటితే దాన్ని వదులుకున్నట్టే భావిస్తారు. అనుమతి ఉన్నా, భయపడుతున్నామన్న దేశానికే వెళితే అదే ఊహ వస్తుంది.

ఉద్యోగం పోయింది. ఒక ఏజెంటు కథ తానే రాసిస్తానంటున్నాడు, వర్క్ పర్మిట్ వస్తుందంటున్నాడు. వేయవచ్చా?

వేయకండి. తెలిసి తెలిసి ముఖ్యమైన విషయంలో కల్పిత కథతో దరఖాస్తు పెట్టారని తేలితే, ఇమ్మిగ్రేషన్ చట్టం కింద దొరికే ప్రయోజనాలు దాదాపు అన్నింటికీ శాశ్వతంగా అనర్హులవుతారు. రేపు పెళ్లి ద్వారానో కంపెనీ ద్వారానో వచ్చే గ్రీన్‌కార్డు కూడా అందులో పోతుంది. ఫారం మీద సంతకం మీది, ఏజెంటుది కాదు. అతని కంప్యూటర్లో అదే కథ పేర్లు మార్చుకుని ఇంకెందరి ఫైళ్లలోకి వెళ్లిందో మీకు తెలియదు. ఇలాంటి దొంగ కథల వల్ల నిజంగా దెబ్బలు తిని వచ్చినవాడి కథను కూడా అధికారి అనుమానంగానే తెరుస్తాడన్నది నాకు మరింత బాధ కలిగించే విషయం.

నేను దరఖాస్తు పెట్టినట్టు ఇండియాలో తెలిసిపోతుందా?

దరఖాస్తులోని సమాచారాన్ని, అసలు మీరు దరఖాస్తు పెట్టారన్న సంగతిని కూడా, కొన్ని పరిమిత సందర్భాల్లో తప్ప మీ అనుమతి లేకుండా బయటివారికి ఇవ్వకూడదని నిబంధనలున్నాయి. బయటపడే సందర్భాల్లో ఎక్కువ మన వాట్సాప్ గ్రూపుల పుణ్యమే.

అసైలం రాకపోతే మరో దారి ఉందా?

రెండున్నాయి. ఒకటి దేశం నుంచి పంపివేయడాన్ని నిలిపివేయడం. దీనికి అవే ఐదు కారణాలు కావాలి, కాని ప్రమాదం జరిగే అవకాశమే ఎక్కువని చూపాలి. 1984లో స్టెవిచ్ కేసులో సుప్రీంకోర్టు పెట్టిన కొలత అది. రెండోది చిత్రహింసల వ్యతిరేక ఒప్పందం కింద రక్షణ; దీనికి ఐదు కారణాలతో పనిలేదు, కాని అధికారుల చేతుల్లోనో, వాళ్లు తెలిసీ ఊరుకోవడం వల్లనో చిత్రహింస జరిగే అవకాశమే ఎక్కువని చూపాలి. రెండింటికీ ఏడాది గడువు లేదు. రెండూ గ్రీన్‌కార్డుకు దారితీయవు.

బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియాల్లో కూడా ఇవే కొలతలా?

మూలం ఒక్కటే, మాటలు వేరు. బ్రిటన్‌లో అప్పటి అత్యున్నత న్యాయస్థానమైన ప్రభువుల సభ 1988లో శ్రీలంక తమిళుల శివకుమారన్ కేసులో “సమంజసమైన సంభావ్యత” అంది. కెనడాలో 1989 నాటి అడ్జేయ్ తీర్పు యాభై శాతం అక్కర్లేదంటూనే ఊరికే ఊహించుకునే అవకాశం చాలదంది. ఆస్ట్రేలియా హైకోర్టు అదే ఏడాది చాన్ కేసులో “నిజమైన అవకాశం” అంది. బ్రిటన్‌లో 2022 జూన్ 28 నుంచి పెట్టిన దరఖాస్తులకు మాత్రం కొత్త చట్టం వర్తిస్తుంది. భయం నిజమేనా, దానికి ఆ ఐదింటిలో ఒక కారణం ఉందా అన్నవాటిని మామూలు సివిల్ కేసుల్లోలాగా తేల్చి, ఆ తర్వాతే ప్రమాదాన్ని పాత తక్కువ కొలతతో చూస్తారు.

ఇండియాకు వచ్చిన శరణార్థులు ఇదే పరీక్ష రాస్తారా?

భారతదేశం 1951 ఒప్పందం మీద గాని 1967 ప్రోటోకాల్ మీద గాని సంతకం చేయలేదు, శరణార్థులకు ప్రత్యేక చట్టమూ లేదు. విదేశీయులందరికీ వర్తించే చట్టమే వాళ్లకూ వర్తిస్తుంది. 2025లో పాత విదేశీయుల చట్టం స్థానంలో కొత్తది వచ్చింది. హైదరాబాద్ బాలాపూర్ బస్తీల్లో ఉంటున్న రోహింగ్యాల వంటివారిని ఐక్యరాజ్య సమితి శరణార్థుల సంస్థ ఇంటర్వ్యూ చేసి గుర్తింపు కార్డులిస్తుంది. మయన్మార్ 1982 పౌరసత్వ చట్టంతో పౌరులు కాకుండా పోయి, 2012లోనూ 2017 ఆగస్టు తర్వాతా ఆ దేశంలోని రఖైన్ రాష్ట్రం నుంచి తరిమివేయబడినవాళ్లను అడిగే ప్రశ్నలు పైన రాసినవే: ఏమైంది, ఎవరు చేశారు, ఎందుకు చేశారు, తిరిగి వెళితే ఏమవుతుంది. ఆ కార్డు ఉన్నంత మాత్రాన భారత చట్టంలో ఆశ్రయపు హక్కు రాదు. అయినా వాళ్ల ఇళ్లల్లో అన్నిటికన్నా జాగ్రత్తగా ప్లాస్టిక్ కవరులో దాచుకునేది దాన్నే.